వంతెన దాకా

బాట మేడం పసుపుపచ్చ గుడ్డ తానొకటి చంకలో ఇరికించుకుని గుమ్మంలోకి వచ్చేసరికి మిషనక్క పళ్ళ మధ్య దారం ఉంది, చేతిలో ఎవరిదో స్కూలు చొక్కా ఉంది, ఒళ్ళో ఇంకా బోలెడు చొక్కాలున్నాయి. అయినా సరే, "రండి రండి, ఆ దిండు గలీబులు పక్కకి నెట్టేసి కూర్చోండి" అంది, దారం వదలకుండానే.

ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆ వీధిలో లేరు. పొద్దస్తమానం కుట్టు మిషను తిప్పుతూ ఉంటుంది కాబట్టి మిషనక్క. కాళ్ళు చిన్నప్పుడే మాట వినడం మానేశాయి. అందుకని మిషనుకి చేత్తో తిప్పే పిడి పెట్టించుకుంది. కుడిచెయ్యి పిడి తిప్పుతుంది, ఎడమచెయ్యి గుడ్డ జరుపుతుంది, నోరు ఊరి కబుర్లు నడుపుతుంది. మూడిట్లో ఏది ఆగినా మిగతా రెండూ ఆగిపోతాయని ఆవిడ మరదలి వేళాకోళం.

వచ్చినావిడది మున్సిపాలిటీ ఆఫీసులో ఉద్యోగం. రైళ్ళు ఆగిపోయి, పట్టాలు పీకేసిన పాత రైలు కట్టని నడిచేవాళ్ళ కోసం బాటగా మార్చారు. మార్చారు సరే, దాని మీదకి జనాన్ని రప్పించే పని మాత్రం ఈవిడ ఒక్కదాని నెత్తిన పెట్టారు. ఇంటింటికీ తిరిగి, "ఆదివారం పొద్దున్నే రండి, అందరం నడుద్దాం" అని పిలుస్తోంది. నడవడానికి కూడా పిలుపులేమిటమ్మా అని నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు. కూరగాయల కొట్టుకి వెళ్ళిరావడం నడక కాదా అని అడిగేవాళ్ళు అడుగుతున్నారు. ఈలోగా ఊళ్ళో ఆవిడకి బాట మేడం అని పేరు పడిపోయింది.

"నిన్న ఒకాయన ఏమన్నాడో తెలుసా అక్కా? ఆ చివర ఏముంటుంది అన్నాడు. ఇనుప వంతెన ఉంది సార్ అన్నాను. దాని తర్వాత? తర్వాత వెనక్కి రావడమే సార్ అన్నాను. అంటే, ఎక్కడికీ వెళ్ళకుండా మళ్ళీ మా ఇంటికే రావడానికి నేను అంత దూరం నడవాలా అని మొహం మీదే తలుపేసేశాడు."

మిషనక్క పకపకా నవ్వింది. "ఆయనెవరో నాకు తెలుసులెండి. ఆయన ప్యాంటు నడుము దగ్గర రెండుసార్లు వదులు చేశాను. ఇక వదలడానికి లోపల గుడ్డ లేదు. నడవకపోతే ఆయనకే ఇబ్బంది."

మేడం కూడా నవ్వింది, కానీ మొహంలో అలసట పోలేదు. గుడ్డ విప్పి ఏం కావాలో చెప్పింది. సగం గుడ్డ పీలికలుగా కోసి అంచులు మడిచి కుట్టాలి, బాట పొడుగునా చెట్లకి కట్టడానికి. మిగతా సగంతో పెద్ద బ్యానరు. దాని మీద నీలం గుడ్డతో కత్తిరించిన అక్షరాలు: రండి, నడుద్దాం.

"రంగుతో రాయిస్తే చవకే. కానీ మొదటి వానకే కారిపోతుంది. మీరు కుడితే ఉంటుంది."

"ఉంటుంది. నేను కుట్టింది గుడ్డ చిరుగుతుందేమో గానీ కుట్టు ఊడదు." మిషనక్క గుడ్డ అంచుని వేళ్ళ మధ్య నలిపి చూసింది. "సరే గానీ మేడం, ఆ బాట అసలు ఎలా ఉంటుంది? మొదటినుంచీ చెప్పండి. అక్షరాలు కత్తిరిస్తూ వింటాను."

ఇంతవరకూ ఊళ్ళో ఎవరూ ఆ మాట అడగలేదు కాబోలు, మేడం కుర్చీ ముందుకి జరుపుకుంది. ధాన్యం గోదాముల వెనక మొదలవుతుందట. రెండువైపులా చెట్లు, మధ్యలో గీత గీసినట్టు తిన్నగా. కొంత దూరం పోయాక కొండని కోసి రైలుకి దారి చేసిన చోటు వస్తుందట. అటూ ఇటూ రాతి గోడలు మేడలంత ఎత్తు. రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతూ ఉంటాయట. ఎండాకాలంలో కూడా అక్కడ చలేస్తుందట. అది దాటి బయటికి రాగానే ఒక్కసారిగా వెలుతురు, గాలి, కింద ఏరు, మీద వంతెన.

"పట్టాలున్న చోట చెక్కలు పరిచారక్కా. వాటి సందుల్లోంచి కిందకి చూస్తే నీళ్ళు కనబడతాయి. మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్ళు ఝల్లుమంది."

కత్తెర ఆగిపోయింది. మిషనక్క నోరు తెరుచుకుని వింటోంది. ఆ ఏరు ఈ ఊరిదే. వానాకాలం అర్ధరాత్రి మెలకువ వస్తే దాని హోరు వినబడుతుంది. కానీ ఆవిడ ఏనాడూ దాన్ని కళ్ళారా చూడలేదు. రోడ్డు వంతెనకి రెండువైపులా ఎత్తు గోడలు, బస్సులో కూర్చుని ఎంత మెడ సాచినా ఆకాశమే తప్ప నీళ్ళు కనబడవు. ఏటి గట్టుకి మెట్ల దారి తప్ప వేరే దారి లేదు.

"కింద నేలంతా రాళ్ళేనా?" అంది, మళ్ళీ కత్తెర తీసుకుంటూ.

"అబ్బే. సన్న రాతిపొడి పోసి రోలరుతో గట్టిగా తొక్కించారు. ఎంత నున్నగా ఉంటుందో."

"ఎత్తుపల్లాలు?"

"రైలు బాట కదక్కా, ఎత్తు ఎక్కడుంటుంది? చదునుగా, చివరి దాకా."

మిషనక్క "ఓహో" అని తల పంకించింది. గుమ్మం పక్కన నీలంరంగు మూడు చక్రాల బండి ఉంది, చేతులతో పెడళ్ళు తిప్పి నడిపేది. దాని వంక ఒకసారి చూసింది. మేడం ఆ చూపు చూడలేదు. ఆదివారం జనం వస్తారో రారో, రాకపోతే పెద్ద ఆఫీసరు ఏమంటాడో, ఆవిడ బెంగ ఆవిడది. "శనివారం ఎవరినైనా పంపించి తెప్పించుకుంటాను. మీరెందుకు శ్రమపడటం" అని చెప్పి వెళ్ళిపోయింది.

*

ఆ రెండు మూడు రోజులూ చొక్కా గుండీ కోసం వచ్చినవాళ్ళూ, పరదా పొడుగు తగ్గించుకోవడానికి వచ్చినవాళ్ళూ బాట కబురు వినకుండా బయటపడలేదు. మిషనక్క ఏం చెప్పినా కళ్ళకి కట్టినట్టు చెబుతుంది. ఒకళ్ళకి చెప్పిన కొండ కోత ఇంకొకళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇంకాస్త ఎత్తు పెరిగింది. రాళ్ళ చెమ్మకి చలి కూడా కలిసి, స్వెట్టరు తీసుకెళ్ళడం మంచిదనే దాకా పోయింది. వంతెన దగ్గరికి రాగానే మాత్రం గొంతు తగ్గించేది. "కాళ్ళ కింద నీళ్ళు పోతుంటాయి. మనం మీద నిలబడి ఉంటాం. ఊహించుకో" అనేది. వాళ్ళు ఊహించుకుని, ఆదివారం తప్పకుండా వెళ్ళాలక్కా అని వెళ్ళేవాళ్ళు.

"వదినా, మీరు చెబుతుంటే వంటింట్లో నాకు కాళ్ళు లాగేస్తున్నాయి" అంది మరదలు టీ గ్లాసు మిషను బల్ల మీద పెడుతూ. "మేడంకి బదులు ఆ ఆఫీసు వాళ్ళు మీకు జీతమిచ్చినా బాగుండును."

అన్నీ అడిగారు గానీ, నువ్వు కూడా వస్తున్నావా అక్కా అని ఒక్కరూ అడగలేదు. మిషనక్క అది పట్టించుకోనట్టే ఉంది. పట్టించుకుంది.

ఇంటి పక్క రేకుల షెడ్డులో తమ్ముడి వెల్డింగు నడుస్తోంది. బాట మొదట్లో పెట్టే గేటు వాడికే అప్పగించారు. గేటంటే మూసి తెరిచేది కాదు. రెండు పైపు చట్రాలు, మధ్యలో మనిషి పట్టే సందు. మోటారు సైకిళ్ళ కుర్రాళ్ళు బాట మీద రేసులు పెట్టుకోకుండా పెద్ద ఆఫీసరు పట్టుబట్టి పెట్టిస్తున్నాడు. ఇది కుదిరితే బాట పొడుగునా అడ్డదారుల దగ్గర గేట్లన్నీ వాడికే ఇస్తామన్నారు. అందుకని తమ్ముడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తున్నాడు. తన మోటారు సైకిలే షెడ్డులోకి తోసి, హ్యాండిలు ఈ చివర నుంచి ఆ చివరకి టేపుతో కొలిచి, దానికన్నా రెండు వేళ్ళు తగ్గించి సుద్దముక్కతో గీత పెట్టాడు. అద్దాలు మడిచినా, బండి వాల్చినా సరే, ముందుకి పోకూడదు. షెడ్డు ముందున్న రావి చెట్టుకి పైపులు ఆనించి, బండిని ఇలా తోసి అలా తోసి చూసుకున్నాడు.

"చూశావా అక్కా!" అని కిటికీలోంచి అరిచాడు, కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని. "దోమ కూడా దూరదు."

"దోమ దూరకపోతే మనుషులెలా పోతార్రా?"

"మనుషులు పక్కగా పోతారు. నీ చాదస్తం గానీ." వాడు పైపు అతుకు మీద బొటనవేలితో రాసి చూపించాడు. "ఇదిగో, అతుకు ఎక్కడుందో కనిపెట్టు చూద్దాం. వెన్నలా ఉంది."

నిజంగానే వాడి చేతి పని అంత నున్నగా ఉంటుంది. మిషనక్క బండి చేసింది కూడా వాడే. మొదట చేసినప్పుడు మలుపులో ఒకసారి వాలిపోయి ఆవిడ మోచెయ్యి కొట్టుకుపోయింది. ఆ దెబ్బకి వాడు అన్నం మానేసి, వెనక ఇరుసు కోసి, చక్రాలు రెండూ అటొక జానెడు ఇటొక జానెడు ఎడంగా జరిపి మళ్ళీ అతికాడు. ఇక భూకంపం వచ్చినా పడవు అన్నాడు. ఆ తర్వాత పడలేదు కూడా. అక్క అంటే వాడికి అంత ప్రాణం.

శుక్రవారం సాయంత్రం పైపులకి పసుపురంగు కొట్టి, వాన్‌లో వేసుకెళ్ళి, బాట మొదట్లో సిమెంటు పోసి పాతి వచ్చాడు. అన్నం తింటున్నంతసేపూ అదే గొప్ప.

*

శనివారం మేడం మనిషి వచ్చేదాకా ఆగలేదు మిషనక్క. తెల్లవారగానే బ్యానరు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది, పీలికల మూట వెనక కట్టించుకుంది.

"ఎక్కడికి వదినా ఇంత పొద్దున్నే?" అంది మరదలు కళ్ళు నులుముకుంటూ.

"ఇచ్చేసి వస్తా. వాళ్ళెప్పుడో మధ్యాహ్నం వస్తే మడతలు పడి చస్తాయి."

మడతలు ఒక సాకు. రాత్రంతా ఆవిడ కళ్ళ ముందు చెక్కల సందుల్లో నీళ్ళు కదులుతూనే ఉన్నాయి. జనం అంతా చూసేలోగా ఒక్కదాన్నే చూడాలనిపించింది. అది కొంచెం స్వార్థమేనని తనకే తెలుసు. ఊరందరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టించుకున్నదానికి ఆమాత్రం ఉండకూడదా అని కూడా అనుకుంది.

గోదాముల వీధి వాలుగా ఉంటుంది. పెడళ్ళు వదిలేసి బ్రేకు మీద చెయ్యి పెట్టి దిగింది. చివరి గోదాము మలుపు తిరిగాక ఆవిడ చెయ్యి తనంతట తానే బ్రేకు నొక్కేసింది.

అమ్మో, అంత దూరమా!

ఊళ్ళో ఏ వీధి చూసినా నాలుగిళ్ళు దాటితే మలుపు తిరుగుతుంది. ఇది తిరగలేదు. రెండువైపులా చెట్ల కింద, లేత ఎండలో, బాట తెల్లగా, తిన్నగా పోతూనే ఉంది. పోగా పోగా సన్నబడి, ఆకుపచ్చలో ఎక్కడో కలిసిపోయింది. మనిషి లేడు, కుక్క లేదు. చూపు అంత దూరం ఆగకుండా పోవడం ఆవిడకి ఎప్పుడూ తెలియదు. కళ్ళకి నీళ్ళొచ్చాయి. మేడం చెప్పింది కదా గీత గీసినట్టు అని, అనుకుంది. చెప్పడం వేరే, ఇది వేరే.

ఆ ఊపులోనే పెడళ్ళు తిప్పింది. గేటు కనబడింది, తమ్ముడి గేటు, పసుపుపచ్చగా మెరుస్తూ. ముందు చక్రం సందులోకి వెళ్ళింది. పెడళ్ళు వెళ్ళాయి. ఆవిడ మోకాళ్ళు వెళ్ళాయి. టంగుమని చప్పుడైంది. వెనక చక్రాలు రెండూ ఒకేసారి పైపులకి కొట్టుకుని బండి ఆగిపోయింది.

ఇంకోసారి గట్టిగా తిప్పింది. కదల్లేదు. వెనక్కి తిప్పితే గొలుసు ఊరికే తిరుగుతుంది తప్ప బండి వెనక్కి రాదు. పైపుల్ని చేతులతో నెట్టింది. ఇరుసు చివర్లు రెండూ చట్రాల్లో ఇరుక్కున్నాయి. ముందంతా బాట, అడుగు దూరంలో. ఆవిడ చెయ్యి చాపితే ఆ తెల్ల రాతిపొడి అందేట్టుంది.

"ఏయ్, ఏయ్! ఆగు తల్లీ!" కాపలా తాత పక్కనున్న రేకుల గదిలోంచి చెప్పులు వేసుకోకుండానే పరిగెత్తుకొచ్చాడు. "బండ్లకి లేదమ్మా లోపలికి. బోర్డు చూడలేదూ?"

"ఇది నా కాళ్ళు తాతా."

తాత ఆగాడు. బండిని, ఆవిడని, గేటుని మార్చి మార్చి చూశాడు. చెడ్డవాడేం కాదు. వెనకనుంచి పట్టుకుని ఊపి ఊపి, ఆయాసపడుతూ బండిని బయటికి లాగాడు. లాగాక తల గోక్కున్నాడు. "నడిచేవాళ్ళకని కట్టారమ్మా ఇది. నేనేం చెయ్యను? నువ్వు మాత్రం ఎందుకు ఇంత దూరం పడి రావడం? రేపు ఫోటోలు తీస్తారట. ఆ ఫోన్లలో చూపిస్తార్లే."

ఏదో అనబోయింది, రాలేదు. మిషనక్కకి మాట రాకపోవడం, నవ్వకండి, పెద్ద విషయమే. బ్యానరు తీసి తాత చేతిలో పెట్టింది. పీలికల మూట ఇచ్చింది. బ్యానరు జాగ్రత్త తాతా, నేల మీద పెట్టకు అని మాత్రం అంది.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఎత్తే.

*

సాయంత్రం తమ్ముడు నూనె డబ్బా పట్టుకుని బండి దగ్గర కూర్చున్నాడు. శనివారం శనివారం గొలుసుకి నూనె వెయ్యడం వాడి అలవాటు. మిషనక్క లోపల మిషను తిప్పుతోంది. నోరు మాత్రం నడవడం లేదు. మరదలు రెండుసార్లు తొంగి చూసి, తలనొప్పా వదినా అని అడిగి వెళ్ళింది.

బయట నూనె చప్పుడు ఆగిపోయింది.

ఎంతసేపటికీ మళ్ళీ వినబడకపోతే మిషనక్క కిటికీలోంచి చూసింది. తమ్ముడు వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, ఇరుసు చివర వేలితో రుద్దుతున్నాడు. వేలికి పసుపురంగు అంటింది. అటువైపు వెళ్ళి రెండో చివర చూశాడు. అక్కడా పసుపే. జేబులోంచి టేపు తీసి ఇరుసుకి అడ్డంగా పెట్టబోయి ఆగిపోయాడు. కొలవడం దేనికి? ఆ ఇరుసు కోసి అతికిన చేతులు వాడివే.

లోపలికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"వెళ్ళావా?"

"ఊఁ."

"ఇరుక్కున్నావా?"

"తాత లాగాడు."

"నాకు చెప్పొచ్చుగా అక్కా!" అని కోపంగా అన్నాడు. ఆ కోపం ఎవరి మీదో వాడికీ తెలియలేదు. "వెళ్తానని ఒక్క మాట చెప్పొచ్చుగా!"

పిడి ఆపింది మిషనక్క. "నాలుగు రోజుల్నించి ఆ బాట తప్ప ఇంకేం మాట్లాడానురా నేను? నువ్వు వినలేదా?"

వాడు తల దించుకున్నాడు.

"ఊళ్ళో మోటారు సైకిళ్ళన్నీ గుర్తొచ్చాయి నీకు. గుమ్మంలో ఉన్న బండి గుర్తు రాలేదు. నీ తప్పు కాదులే. నేను అలాంటి చోటికి వస్తానని నువ్వెప్పుడూ అనుకోలేదు. మేడం అనుకోలేదు, గుండీల కోసం వచ్చినవాళ్ళూ అనుకోలేదు." ఆవిడ మిషను మీది గుడ్డ పక్కకి నెట్టేసింది. "నేను మాత్రం అనుకున్నానురా. నాకు చూడాలనుంది."

వంటింట్లో గరిట చప్పుడు కూడా ఆగిపోయింది.

"రేపు నేనొస్తా" అన్నాడు తమ్ముడు. "నిన్ను ఎత్తుకుని అటువైపు కూర్చోబెడతా. బండి పైనుంచి ఎత్తి దాటిస్తా. నా చేతులకి అదెంత?"

"బియ్యం బస్తానా నేను? రేపు ఎత్తుతావు. ఎల్లుండో? మళ్ళీ నాకు చూడాలనిపిస్తే నీకు కబురు పెట్టాలా?"

"అయితే ఆఫీసులో అడుగుతా. కాయితం పెడతా. వాళ్ళు చూసి, సంతకాలయ్యి... గేటు నాది కాదక్కా ఇప్పుడు. వాళ్ళది. చెయ్యి వేస్తే మిగతా పని కూడా పోతుంది."

"తెలుసు. అందుకే చెప్పలేదు" అంది మిషనక్క. మళ్ళీ పిడి తిప్పడం మొదలుపెట్టింది. వాడు బయటికి వెళ్ళిపోయాడు.

*

ఆదివారం పొద్దున్న లేచేసరికి తమ్ముడు లేడు. ఎక్కడికి పోయాడో చెప్పలేదంది మరదలు. మిషనక్క మొహం కడుక్కుని కాసేపు మిషను ముందు కూర్చుంది. లోపలికి వెళ్ళేది ఎలాగూ లేదు. కానీ తను కుట్టిన బ్యానరు కట్టాక ఎలా ఉందో చూడొచ్చు. వెళ్ళేవాళ్ళని చూడొచ్చు. అక్షరాలు వంకరగా కట్టి ఉంటే అరవొచ్చు. "పద, పోదాం" అంది మరదలితో.

చివరి గోదాము మలుపు తిరిగితే జనం!

బాట మేడం కూడా అంతమందిని అనుకోలేదు, నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. స్కూలు చొక్కాల తల్లులు, పరదాలావిడ, ఆవిడ భర్త, మొన్న తలుపేసుకున్న వదులు ప్యాంటాయన, చేతిలో స్వెట్టరుతో ఒక ముసలాయన. మిషనక్కని చూడగానే గోల. "అక్కా, వచ్చావా!" "చలేస్తుందన్నావని స్వెట్టరు తెచ్చానమ్మా!" "ఏదీ ఆ వంతెన? ఎంత దూరం?" మేడం ఒకసారి వాళ్ళ వంక, ఒకసారి మిషనక్క వంక చూసింది. ఇంటింటికీ తిరిగి పిలిచింది తనైతే, వీళ్ళు వచ్చింది ఎవరి మాట మీదో అప్పుడు అర్థమైంది.

కానీ ఎవరూ లోపలికి వెళ్ళడం లేదు. గేటు దగ్గర గరగరమని చప్పుడు. జనం పక్కకి జరిగారు.

తమ్ముడు నేల మీద మోకాళ్ళు వేసి, చేతి రంపంతో పైపు కోస్తున్నాడు. ఒక చట్రం అప్పటికే ఒకవైపు తెగి వాలి ఉంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. పసుపు పొడి, ఇనుప పొడి ముంజేతుల దాకా. పక్కన విరిగిన రంపం బ్లేడొకటి పడి ఉంది. వాడు తలెత్తలేదు. వెన్నలా ఉందని చూపించిన ఆ అతుకు పక్కనుంచే కోస్తున్నాడు.

పెద్ద ఆఫీసరు కారు దిగి వచ్చేసరికి ఇదీ దృశ్యం. "ఎవరు కొయ్యమన్నారు దీన్ని?" అన్నాడు. అరవలేదు గానీ, అందరికీ వినబడేట్టు అన్నాడు.

రంపం ఆగింది. తమ్ముడు నోరు తెరవబోయాడు.

"నేను సార్" అంది బాట మేడం.

ఆవిడ నిజానికి గేటు దగ్గరికి వచ్చి కాసేపయింది, ఆపు అని ఎలా చెప్పాలా అని చేతులు నలుపుకుంటూనే ఉంది. కానీ మిషనక్క బండి వెనక ఇరుసు కొసన పసుపురంగు చూసింది. చూశాక ఇంకేం ఆలోచించినట్టు లేదు. "సందు సరిపోలేదు సార్. పెద్దది చేయిస్తున్నాను."

"మోటారు సైకిళ్ళు రావూ?"

"ఇంతమంది నడుస్తుంటే ఎలా వస్తాయి సార్? జనం లేని చోటికే వస్తాయి అవి."

ఆయన జనాన్ని చూశాడు. నీలం బండిని చూశాడు. బ్యానరు వైపు చూసి, చేతులు వెనక్కి కట్టుకుని, "కానివ్వండి మరి, తొందరగా" అన్నాడు.

చట్రం ఊడి పక్కన పడ్డాక కూడా తమ్ముడు లేవలేదు. టైరు కోసుకుపోకుండా నేలలో మిగిలిన పైపు మొదళ్ళని ఆకురాయితో అరగదీసి, అరచేత్తో తడిమి చూసుకున్నాడు. అప్పుడు లేచి పక్కకి జరిగాడు. అక్క మొహంలోకి చూడలేకపోయాడు.

"పో అక్కా" అన్నాడు.

ముందు ఎవరూ కదల్లేదు. మిషనక్క పెడళ్ళ మీద చేతులు వేసింది. ముందు చక్రం దాటింది, వెనక చక్రాలు దాటాయి, రాతిపొడి మీద టైర్ల చప్పుడు మెత్తగా మారింది. మేడం చెప్పింది నిజమే, నున్నగా ఉంది. ఒక్కసారి తిప్పితే బండి ఎంతో దూరం తనంతట తానే పోతోంది. ఊరి వీధుల్లో గుంటల మీద ఇన్నేళ్ళు గుంజిన చేతులకి ఇది పనే కాదు. ఇంకాస్త జోరుగా తిప్పింది. చెట్లు వెనక్కి పోతున్నాయి. గాలి జుట్టులో దూరింది.

"అక్కా, ఆగు! మేం అందుకోలేం!" వెనకనుంచి పరదాలావిడ అరిచింది. తమ్ముడు పక్కన పరుగు లాంటి నడకతో వస్తూ రొప్పుతున్నాడు. వెల్డింగు చేసేవాడికి చేతులుంటాయి గానీ కాళ్ళెక్కడివి?

కొండ కోతలోకి వచ్చేసరికి అందరూ గొంతులు తగ్గించారు. ఎవరూ చెప్పలేదు, వాటంతట అవే తగ్గాయి. రాతిగోడలు పైకి పైకి పోయి, ఆకాశం నాడా అంత మిగిలింది. రాళ్ళమీద నాచు, నాచు మీద చెమ్మ, ఎక్కడో టప్ టప్‌మని చుక్కలు. స్వెట్టరు ముసలాయన గర్వంగా స్వెట్టరు తొడుక్కున్నాడు. మిషనక్క బండి ఆపి గోడమీద అరచెయ్యి పెట్టింది. చల్లగా, గరుకుగా ఉంది. ఉలి గాట్లు ఇంకా తెలుస్తున్నాయి. ఇంత కొండని మనుషులే కోశారా అనుకుంది. ఎవరితోనూ అనలేదు.

ఆ తర్వాత వెలుతురు.

వంతెన మీద చెక్కలు బండి కింద గడగడమన్నాయి. మధ్యకి వెళ్ళి బ్రేకు వేసింది. కమ్మీల్లోంచి చూసింది. ఏరు అంత పెద్దదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, తనకే అందలేదేమో. ఎండ పడ్డచోట తెల్లగా, నీడలో నల్లగా, కొండ మొదట్లోంచి వచ్చి, తన కిందుగా దూరి, ఊరి వైపు పోతోంది. రాత్రుళ్ళు మంచం మీద విన్నది దీన్నేనా? ఇంతకాలం ఇది ఇలా పోతూనే ఉందా, తను గుండీలు కుట్టుకుంటుంటే?

తల వంచి చెక్కల సందులోంచి నీళ్ళనే చూసింది. చూడగా చూడగా నీళ్ళు ఆగిపోయి, వంతెనే కదలడం మొదలుపెట్టింది. బండితో సహా, ఇనుముతో సహా, అందరినీ ఎక్కించుకుని ఎదురు ప్రవాహంలోకి పోతోంది.

"ఒరేయ్, పట్టుకో! వంతెన నడుస్తోందిరా!" అని తమ్ముడి చొక్కా పట్టేసుకుంది.

ఇంకేముంది, అందరూ వంగారు. "అమ్మో, అవును!" "నాకు కళ్ళు తిరుగుతున్నాయి!" "మళ్ళీ చూడు, మళ్ళీ చూడు!" వదులు ప్యాంటాయన కమ్మీ పట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. తమ్ముడు మాత్రం నీళ్ళు చూసి, తలెత్తి, వంతెన ఇనుముని చూసి అలాగే ఉండిపోయాడు. దూలం మీద వరసగా ఉన్న బొడిపెల్ని ఒక్కొక్కటే తడుముకుంటూ పోయాడు. "అక్కా, ఒక్క వెల్డింగు లేదు. అన్నీ రివిట్లే. ఎర్రగా కాల్చి ఒక్కొక్కటీ సుత్తితో కొట్టారు. ఇంత వంతెనకీ!"

బాట మేడం మెల్లగా వచ్చి బండి పక్కన నిలబడింది. "ఎలా ఉందక్కా?"

మిషనక్క కళ్ళు తుడుచుకుంది.

"మీరు తక్కువ చెప్పారు మేడం" అంది. "నేనూ తక్కువే చెప్పాను."

*

తిరిగి వచ్చేటప్పుడు అందరికన్నా ముందు గేటు దగ్గరికి చేరింది మిషనక్క. కాపలా తాత రేకుల గది ముందు నిలబడి ఉన్నాడు. తెగిన చట్రాన్ని ఒద్దికగా గోడకి ఆనించి పెట్టాడు. ఆవిడని చూసి కాస్త ఇబ్బందిగా నవ్వాడు.

"చూశావా తల్లీ?"

"చూశాను. నువ్వు చెప్పు తాతా, వంతెన మధ్యకి వెళ్ళి కిందకి చూస్తే నీకు కూడా అలా నడుస్తున్నట్టు ఉంటుందా?"

తాత చెవి వెనక గోక్కున్నాడు. "నేనెక్కడ చూశానమ్మా? బాట వేసిన దగ్గర్నించీ ఇక్కడే. గేటు వదిలి పోతే ఊరుకుంటారా?"

మిషనక్క బండిని అటు తిప్పి, ఇటు తిప్పి, చట్రం ఊడిన చోట అడ్డంగా పెట్టి బ్రేకు వేసింది.

"పో" అంది.

"అమ్మా?"

"నేను కూర్చుంటా. పోయి చూసిరా. తొందరపడి మధ్యలో తిరిగొచ్చావంటే ఒప్పుకోను."

తాత వెనక్కీ ముందుకీ చూశాడు. చెప్పులు వేసుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు, మళ్ళీ కదిలాడు. తిరిగొస్తున్న జనం ఆయనకి ఎదురై దారి ఇచ్చారు. చెట్ల నీడలో ఆయన తెల్ల చొక్కా కాస్త కాస్త చిన్నదవుతూ పోయింది.

అందరూ వెళ్ళిపోయాక గోదాము మలుపులోంచి మోటారు సైకిలొకటి డుబుడుబుమని వచ్చి ఆవిడ ముందు ఆగింది. కుర్రాడు బాట వంక చూశాడు, నీలం బండి వంక చూశాడు. ఇంజను ఆపేశాడు.

"లోపలికి వెళ్ళొచ్చా అండీ?"

"వెళ్ళొచ్చు బాబూ. బండి ఇక్కడ పెట్టు, నేను చూస్తుంటా." మిషనక్క బ్రేకు వదిలి, వాడు పట్టేంత పక్కకి జరిగింది. "వంతెన మధ్యకి వెళ్ళి, ఆగి, కిందకి చూడు. అక్కడ ఒక తాత ఉంటాడు. ఆయన్ని తొందరపెట్టకు."